మనోభిన్నమ్మ కూతురు

నా పేరు పిచ్చమ్మ. నవ్వొస్తే నవ్వండి, యాభై మూడేళ్ళుగా నాకు అలవాటే. మా ఒంగోలు వైపు ప్రతి వీధిలోనూ ఒక పిచ్చయ్యో పిచ్చమ్మో ఉంటారు. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకడు పురుడు కూడా గడవకుండా పోయాడు. రెండోవాడు పాకడం నేర్చుకుని పోయాడు. నేను పుట్టినప్పుడు మా అమ్మ నన్ను చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టించి, చారెడు తవుడిచ్చి మళ్ళీ తనే కొనుక్కుని, పిచ్చమ్మ అని పేరు పెట్టింది. ఇంత పనికిమాలిన పేరున్న పిల్లను ఎత్తుకుపోయి ఏం చేసుకోవాలనుకుని యముడు పక్కింటికి పోతాడని ఆవిడ ఆలోచన. పోయాడు కూడా. పక్కింటివాళ్ళ ముందు తలెత్తాలంటే నాకిప్పటికీ మొహమాటం.

అలా పుట్టినదాన్ని గనక భయపడటంలో నాకు గట్టి పునాది ఉంది. కుక్కర్ మూడో విజిల్ ఆలస్యమైతే నేను వీధిలో ఉంటాను. మా ఆయన బ్రహ్మయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. బస్సు కిందకి దూరే పని అని తెలిసిన రోజు నుంచీ మధ్యాహ్నం రెండింటికల్లా డిపోకి ఫోన్ చేస్తాను. "బతికే ఉన్నానే పిచ్చీ" అని పెట్టేస్తాడు.

మా ఒక్కగానొక్క కూతురు ప్రసూన ఎంబీబీఎస్ పూర్తి చేసింది. తర్వాత పెద్ద చదువుకు సీటు వస్తుందనగానే నేను మనసులో కళ్ళ డాక్టరీ ఖాయం చేసుకున్నాను. ఎందుకంటే కళ్ళాసుపత్రిలో ఒక స్టాండు ఉంటుంది. పేషెంటు గడ్డం దానిమీద ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, కదలకుండా కూర్చుంటాడు. వాడికీ డాక్టరుకీ మధ్య ఇంత మిషను. ఆ గడ్డం స్టాండు చూసిన రోజున, నా కూతురు క్షేమంగా బతకగల చోటు ఈ లోకంలో ఒకటుందని నాకు నమ్మకం కలిగింది.

ఆ పిల్ల సైకియాట్రీ పెట్టుకుంది. సీటు వచ్చింది కూడా, పక్క జిల్లా పెద్దాసుపత్రిలో.

"పిచ్చాసుపత్రా?" అన్నాను.

"మానసిక వైద్య విభాగం అమ్మా."

"కొడతారే."

"కొట్టరు."

"అంటుకుంటుంది."

"అంటుకోదు."

"రేపు సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"వాళ్ళను ఓపీకే రమ్మను, అక్కడే చూస్తాను" అంది.

ఏం చూసి మోజుపడ్డావే దానిమీద అని అడిగాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రెండు వారాలు ఆ వార్డులో వేశారట. "ఒకావిడ ఉండేదమ్మా. నలభై రోజులుగా నోరు విప్పలేదు. మేడం నన్ను ఆవిడ పక్కన కూర్చోమన్నారు. ఏం మాట్లాడాలో తెలీక రోజూ తలదువ్వి జడ వేసేదాన్ని. పదకొండో రోజు 'నూనె ఎక్కువైంది' అంది."

తర్వాత ఇంకేమన్నా చెబుతుందేమోనని చూశాను. "అంతేనా?"

"అంతే."

మెడికల్ సీటు వచ్చిందని తెలిసిన రోజున కూడా దాని మొహం అలా వెలగలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

శనివారం సాయంత్రం అయిదులోపు చేరకపోతే సీటు పోతుంది. మేము సోమవారమే వెళ్ళాం. ముందురోజే ఆ ఊళ్ళో మా ఆడపడుచు ఇంట్లో దిగి, పొద్దున్నే తయారయ్యాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేర్లు రాసుకుంటున్నాడు. ప్రసూన చెప్పింది, రాసుకున్నాడు. నేను చెప్పాను, పెన్ను ఆపేశాడు.

"మీరు లోపలికి పోకూడదమ్మా. ముందు క్లాసుకు పోవాలి."

"నేను చదువుకోడానికి రాలేదు బాబూ. మా అమ్మాయి."

"ఆ మాట నోట్లోంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ గంట క్లాసు. ఆర్డరు. మీరన్నదాంట్లో మొదటి రెండక్షరాలూ."

విషయం తర్వాత తెలిసింది. ఆ ఆసుపత్రికి పై నుంచి ఎవరో పరిశీలకులు రాబోతున్నారు. మానసిక రోగులను కించపరిచే మాట ఒక్కటి కూడా ఆవరణలో వినపడకూడదని, గౌరవ భాషా అమలు కమిటీ అని ఒకటి వేశారు. దానికి పెద్ద, అనాటమీ ప్రొఫెసర్ సర్వోత్తమరావు గారు. ముప్పై ఏళ్ళు శవాల దగ్గర పని చేయడం వల్ల ఎదుటివాళ్ళు మధ్యలో మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

క్లాసులో పదిమంది ఉన్నారు. సర్వోత్తమరావు గారు బల్ల మీద రెండు చేతులూ పెట్టి మొదలుపెట్టారు. "సోదర సోదరీమణులారా, భాష అనేది సమాజము యొక్క రక్తప్రసరణ వ్యవస్థ. అందులో ఒక దుష్టకణము ప్రవేశించినది. దానిని సమూలముగా నిర్మూలించుటకే మనమిచ్చట సమావేశమైనాము."

లిఫ్టు నడిపే ఆయన చెయ్యెత్తాడు. "సార్, నాకిది అయిదోసారి. ఏ మాట అనకూడదో ఒక్కసారి చెప్తే ఇంక అనను."

"చెప్పినచో నేను అన్నట్టగును."

"పోనీ రాసి చూపించండి."

"రాసినచో దస్త్రములలోనికి పోవును."

"సైగ చేసినా చాలు సార్."

సర్వోత్తమరావు గారి వేలు కణత దాకా వెళ్ళింది. రెండు తిప్పులు తిప్పబోయి ఆగిపోయింది. "సైగల విషయమై ఉపసంఘమును నియమించితిమి" అన్నారు.

గంట తర్వాత నాకు చీటీ ఇచ్చారు. దాంతో ఆఫీసుకు పోయాం. అక్కడ సీటులో గుమాస్తా ఏడుకొండలు గారు ఉన్నారు. కాగితాలన్నీ చూశాడు, ముద్రలన్నీ చూశాడు, ప్రసూనను "డాక్టరమ్మా, కూర్చోండి" అన్నాడు. కంప్యూటర్లో కొట్టి, ఒక ఫారం తీసి చేతికిచ్చాడు.

తల్లి పేరు దగ్గర 'మనోభిన్నమ్మ' అని ఉంది.

"ఈవిడెవరు?" అన్నాను.

"మీరేనమ్మా. కమిటీవాళ్ళు కంప్యూటరుకు చెప్పిపెట్టారు. ఆ రెండక్షరాలు ఎక్కడ కనపడ్డా తీసేసి మనోభిన్న అని వేస్తుంది. గౌరవం."

ప్రసూన ఫారం కింది దాకా చదివింది. "సార్, ఇక్కడ కుటుంబంలో మనోభిన్నత్వం ఉందా అన్నచోట 'ఉంది, తల్లి' అని వచ్చింది."

"అది మనం వేసింది కాదు తల్లీ, పేరు చూసి అదే వేసుకుంటుంది." ఏడుకొండలు గారు కళ్ళజోడు సర్దుకుని నావైపు జాలిగా చూశాడు. నాతో కాకుండా ప్రసూనతో, కాస్త గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మగారికి ఎప్పట్నుంచీ?"

పేరు సంగతి అడుగుతున్నాడనుకున్నాను. "పుట్టినప్పట్నుంచీ" అన్నాను.

'జన్మతః' అని రాసుకున్నాడు.

"మొదట ఎవరు గుర్తించారు?"

"మా అమ్మే. చాటలో ఉండగానే."

అదీ రాసుకున్నాడు. ప్రసూన నా చెయ్యి గిల్లింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఏడుకొండలు గారు పుస్తకం తీసి పద్నాలుగో నిబంధన చదివి వినిపించాడు. కుటుంబములో మనోభిన్నత్వము గల అభ్యర్థిని మానసిక వైద్య విభాగములో చేర్చుకొనుటకు ముందు, సదరు కుటుంబ సభ్యుల విషయమై కమిటీ వారి సమ్మతి పొందవలెను.

"వేరే ఏ డిపార్టుమెంటుకైనా ఈ నిబంధన లేదు" అన్నాడు. "కళ్ళయితే ఇప్పుడే చేర్చేసుకుందును."

అబద్ధం చెప్పను. ఆ మాట వినగానే నా లోపల ఒక తలుపు తెరుచుకుంది. ఆ తలుపు వెనక గడ్డం స్టాండు ఉంది. శనివారం దాకా నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఈ సీటు పోతుంది, తర్వాతి విడతలో కళ్ళు పెట్టుకుంటుంది. నా కూతురి వైపు చూడకుండా గోడవైపు చూశాను. గోడ మీద అచ్చువేసిన బోర్డు ఉంది. 'గోడలపై మనోభిన్న గీతలు గీయరాదు.'

మంగళవారం ప్రసూన నన్ను సర్వోత్తమరావు గారి గదికి లాక్కెళ్ళింది. ఆయన ఫైలు చదివి, తృప్తిగా తలాడించారు.

"అమ్మా, మీరు సిగ్గుపడవలసిన పని లేదు. మనోభిన్నత్వము నేరము కాదు."

"నాకది లేదండీ. పేరే."

"లేదనుట ఆ స్థితిలోని వారందరికీ సహజము" అని ఆయన ప్రసూన వైపు తిరిగారు. "ఒకటే మార్గము. పేరు మార్చుకొనుడు. కమిటీ వారు మూడు నామములు ఆమోదించి ఉన్నారు. వివేకమ్మ, స్థిరమ్మ, ప్రజ్ఞమ్మ. ఈ కాగితముపై సంతకము చేసినచో అయిదు నిమిషముల పని."

ప్రసూన నావైపు చూసింది. మామూలుగా అది నన్ను ఏమీ అడగదు. అప్పుడు కూడా అడగలేదు. కానీ కాగితం నా ముందుకు జరిపింది.

పెన్ను పట్టుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. సీటు పోవాలనీ కాదు, గడ్డం స్టాండు కోసమూ కాదు. ఆ పేరు మా అమ్మ నాకు వేసిన ముసుగు. యాభై మూడేళ్ళుగా దాని కింద దాక్కుని ఉన్నాను. ఇప్పుడు తీసేసి ప్రజ్ఞమ్మ అని కొత్తగా, మెరిసే పేరు పెట్టుకుని నిలబడితే, ఇంతకాలం వెతుకుతున్న ఆ యముడు, ఓహో ఇక్కడున్నావా అంటే?

"చచ్చిపోతానే" అన్నాను ప్రసూనతో.

అది ఒక్క క్షణం నా మొహంలోకి చూసి కాగితం వెనక్కి జరిపింది. "వద్దు సార్. వేరే దారి చెప్పండి."

"అయినచో మానసిక వైద్య విభాగము నుండి ధ్రువపత్రము తేవలెను" అన్నారాయన. "నిబంధన నిబంధనయే."

బుధవారం ఆ విభాగానికి పోయాం. అక్కడ పెద్ద డాక్టరు రహమతున్నీసా మేడం. ప్రసూనను ఆ మాట్లాడని ఆవిడ పక్కన కూర్చోబెట్టింది ఈవిడే, ఈమధ్యే ఇక్కడికి బదిలీ అయ్యారట. వరండా అంతా మొక్కలు. కుండీలు, డబ్బాలు, గోనె సంచులు. వయ్యారిభామ, పల్లేరు, తుమ్మ మొలకలు. ప్రతిదానికీ దారంతో ఒక కేసు షీటు కట్టి ఉంది.

"తోటపని కూడా చేస్తారా అండీ ఇక్కడ?" అన్నాను ఆయాతో.

"ఏం చెప్పమంటావమ్మా. ఆవరణలో పిచ్చి..." అని నోరు నొక్కుకుని నాలుగు వైపులా చూసింది. "ఆ మొక్కలు పీకమని కాంట్రాక్టరుకు ఆర్డరు పోయింది. ఆర్డర్లో మనోభిన్న మొక్కలని వచ్చింది. మనోభిన్నమైతే పీకడం నా పని కాదు, మీ డిపార్టుమెంటు చూసుకోవాలి అని వేర్లతో సహా తెచ్చి దించిపోయాడు."

ఒక షీటు చదివాను. పేరు: వయ్యారిభామ. వయసు: తెలియదు. వెంట వచ్చినవారు: లేరు. ప్రస్తుత ఫిర్యాదు: పెరుగుతున్నది.

మా ముందు వరసలో ఒక రైతు పిక్కకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. ఇంజక్షన్ల గదికి పోతే అక్కడి చీటీలో 'మనోభిన్న కుక్క కరిచినది' అని వచ్చిందట. కుక్క సంగతి సైకియాట్రీలో తేల్చుకుని రమ్మన్నారట, వీలైతే కుక్కను కూడా వెంట తీసుకెళ్ళి. మేడం గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చి, ఆ చీటీ చించి, పెన్నుతో ఇంకోటి రాసి అతని చేతిలో పెట్టారు. "ఇక్కడ కూర్చోకు పెద్దాయనా. నడు, ముందు సూది వేయించుకో. ఆయా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు, ఎవరన్నా ఆపితే నా పేరు చెప్పు."

తర్వాత నన్ను లోపలికి పిలిచారు. ప్రసూనను బయటే ఉండమన్నారు.

"చెప్పండి పిచ్చమ్మ గారూ."

నేను తలుపువైపు చూశాను. మేడం లేచి తలుపు వేసి వచ్చారు. "నా గదిలో మనుషుల్ని వాళ్ళ పేర్లతోనే పిలుస్తాను. చెప్పండి, మీకేం భయం?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. భయపడకు అన్నారు, పిచ్చీ అన్నారు, ఫోన్ పెట్టేశారు. ఏం భయం అని మాత్రం అడగలేదు. కుక్కరుతో మొదలుపెట్టాను. బస్సు, డిపో, మెట్లు, ఎర్త్ లేని మిక్సీ, ప్రసూన ఎక్కే ఆటో, ఆటోవాడి చూపు, సైకియాట్రీ, పేషెంటు చేతిలో పళ్ళెం, పళ్ళెం అంచు. మేడం వింటూ రాసుకుంటూనే ఉన్నారు. రెండు కాగితాలు నిండాయి. మూడోది తీశారు.

"మీ మతికి ఏమీ కాలేదు" అన్నారు చివరికి. "భయం మాత్రం బాగా ఉంది. దానికి కావలసింది పక్కన కూర్చునే మనిషి, కాగితం కాదు. బయటివాళ్ళకు కాగితం కావాలి కాబట్టి రాసిస్తాను."

'పిచ్చమ్మ గారికి ఎటువంటి మానసిక రుగ్మత లేదు' అని శుభ్రంగా చేత్తో రాసి సంతకం పెట్టారు. చేతిరాత చెల్లదన్నాడు ఏడుకొండలు గారు. కంప్యూటరులోకి ఎక్కించి, అచ్చు తీసి, కమిటీకి పంపాడు. దాంట్లో ఇలా వచ్చింది. 'మనోభిన్నమ్మ గారికి ఎటువంటి మనోభిన్నత్వము లేదు.' మానసిక రుగ్మతను కూడా ఆ మధ్యే జాబితాలో కలిపారట.

గురువారం కమిటీ కూర్చుంది. సర్వోత్తమరావు గారు మమ్మల్ని నిలబెట్టి తీర్మానం చదివారు. "మనోభిన్నమ్మకు మనోభిన్నత్వము లేదనుట, ఏనుగుకు ఏనుగుతనము లేదనుట వంటిది. ధ్రువపత్రము పరస్పర విరుద్ధముగా ఉన్నందున తిరస్కరించడమైనది. అంతియే గాక, ఇట్టి పత్రము జారీ చేసిన వైద్యురాలి మనఃస్థితిపై వివరణ కోరడమైనది."

"సార్, పేరు వేరు, మనిషి వేరు" అంది ప్రసూన. దాని గొంతు మొదటిసారి పగిలింది. "శనివారం దాటితే నా సీటు పోతుంది."

"నాకును విచారముగానే ఉన్నది. శనివారము పరిశీలకులు విచ్చేయుచున్నారు. ఈ జటిల సమస్యను వారి సమక్షములో ఉంచెదము. వారు సరేయన్నచో అయిదింటి లోపల చేర్చుకొనుటకు నాకు అభ్యంతరము లేదు."

ఆ సాయంత్రం ఆడపడుచు ఇంట్లో ప్రసూన అన్నం తినలేదు. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "మరి నీక్కావలసింది అదేగా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. శుక్రవారమంతా నేను ప్రసూన మొహం చూడకుండా గడిపాను. చిన్న ఇంట్లో అది అంత తేలిక కాదు.

శనివారం ఆసుపత్రి పెళ్ళివారిల్లులా ఉంది. సమావేశ మందిరం ముందు అరటిబోదెలు కట్టారు. పెద్ద బ్యానరు. 'పరిశీలకులు డాక్టర్ మనోభిన్నరెడ్డి గారికి హృదయపూర్వక స్వాగతము.' పదింటికి వస్తారన్నారు. పన్నెండయింది. సర్వోత్తమరావు గారు క్లాసుకూ క్లాసుకూ మధ్య దండ పట్టుకుని గేటుకూ మందిరానికీ తిరుగుతున్నారు. రెండయింది. మా ఆయనకు ఫోన్ చేయడం మర్చిపోయాను. మూడయింది. దండలో పూలు వాడాయి, వెనక వరసలో వాళ్ళు కునుకు తీస్తున్నారు. మేడం పిలిస్తే ప్రసూన వార్డుకు వెళ్ళింది. నేను క్లాసు గది బయట బల్ల మీద కూర్చున్నాను.

నాలుగింటికి క్లాసు వదిలారు. అందులోంచి ఒక ముసలాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెల్లచొక్కా, చంకలో సంచి, మెడ చుట్టూ కండువా.

"ఎన్నోసారి అండీ?" అన్నాను మర్యాదకి.

"మూడు క్లాసులయ్యాయి పొద్దున్నుంచీ. బయటికొచ్చి పేరు చెప్పినప్పుడల్లా మళ్ళీ లోపలికి పంపుతున్నారు."

"ఏం పేరండీ?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "పిచ్చిరెడ్డి. మీరు?"

"పిచ్చమ్మ."

ఇద్దరం ఒకరినొకరు కాసేపు చూసుకున్నాం. పొరుగూరి బస్టాండులో సొంతూరివాళ్ళు కనపడ్డట్టుంది.

"మీ ముందు ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరు. మీకు?"

"ముగ్గురు."

అప్పటికి నాకు తట్టింది. ఆ ఆసుపత్రి మొత్తం మీద మనోభిన్నమ్మ అంటే ఎవరో తెలిసినదాన్ని గనక, మనోభిన్నరెడ్డి అంటే ఎవరో కూడా నాకొక్కదానికే తట్టింది. "మీరు ఇక్కడికి పరిశీలనకు వచ్చారా?" అన్నాను.

"వచ్చాను. కానీ బ్యానరు మీద వేరే ఎవరిదో పేరుంది. నాకొచ్చిన ఉత్తరంలోనూ అంతే. ఆయన పెద్ద, నేను సాయం అనుకున్నా. గేటులో నా పేరు లేదు, చెబితే క్లాసుకు పంపారు. సరే, ఇది కూడా ఎలా నడుపుతున్నారో చూద్దామని కూర్చున్నా. పరిశీలనే గదా."

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. నేను నోరు విప్పకపోతే ఇంకో నలభై నిమిషాల్లో నా కూతురి సీటు పోతుంది. నేనేమీ చేయనక్కర్లేదు. ఒక ముసలాయన పక్కన ఊరికే కూర్చుంటే చాలు. పాపం కూడా కాదు.

"మీ అమ్మగారు భయస్థురాలా అండీ?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

ఆయన కండువా తీసి ఒళ్ళో మడత పెట్టుకున్నాడు. "పడుకునేప్పుడు నా చొక్కా కొస తన కొంగుకు ముడేసుకునేది. నేను కాలేజీకి పోయేదాకా. కదిలితే తెలియాలని. ముగ్గురు పోయారమ్మా ఆవిడకు. వచ్చినవాళ్ళందరూ ఏడవకు అన్నారు, మళ్ళీ పుడతారులే అన్నారు. పక్కన కూర్చుని ఏమైందే, నీకెలా ఉందే అని అడిగినవాళ్ళు లేరు. పిల్లాడికి చెత్త పేరు పెట్టుకోవడం ఒక్కటే ఆ ఊళ్ళో దొరికిన వైద్యం. ఇంకోటి దొరికితే అదే చేయించుకునేదేమో."

మా అమ్మ గుర్తొచ్చింది. నేను నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేది, ఊపిరాడుతోందా అని. నా పెళ్ళి దాకా పెట్టింది. ఆవిడ వేలు చల్లగా ఉండేది. ఆవిడకు జడ వేసినవాళ్ళు లేరు.

ప్రసూనకు నేనిప్పటికీ పెడతాను ఆ వేలు. ఆ రోజు తెల్లారుజామున కూడా పెట్టాను.

లేచాను. "రండి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. మందిరం తలుపు తోసుకుని వెళ్ళి, రెండు వందల మంది ముందు అరిచాను. అంతకుముందెప్పుడూ నా గొంతు అంత పైకి పోలేదు.

"పిచ్చిరెడ్డి గారు వచ్చారు."

కునుకు తీస్తున్నవాళ్ళు లేచారు. సర్వోత్తమరావు గారి చేతిలో దండ జారింది. "అమ్మా, ఆ పదము..."

"పదం కాదు సార్, మనిషి. మీ మనోభిన్నరెడ్డి ఈయనే. పొద్దున్నుంచీ మీ క్లాసులోనే ఉన్నాడు. మీరే చెప్పారు పాఠం."

సర్వోత్తమరావు గారు ఆయన్ని చూశారు. గుర్తుపట్టారు. మూడో వరసలో కూర్చుని, నోట్సు రాసుకున్న ఒకే ఒక్క మనిషి.

"అయ్యా, తమరి నామధేయము విషయమై అనుకోకుండా..."

"నాది మా అమ్మ పెట్టింది" అన్నాడు పిచ్చిరెడ్డి గారు. "అభ్యంతరం ఉంటే ఆవిడకు రాయండి. అయితే ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయింది. ముందు ఈవిడ ఫైలు తెప్పించండి."

ఏడుకొండలు గారు ఫైలు తెచ్చాడు. పిచ్చిరెడ్డి గారు నిలబడే చదివాడు. 'జన్మతః' దగ్గర ఆగాడు. 'చాటలో ఉండగా తల్లిచే గుర్తింపబడినది' దగ్గర ఇంకా కొంచెం ఎక్కువసేపు ఆగాడు. తర్వాత సంచిలోంచి పెన్ను తీసి ఏదో రాసి సంతకం పెట్టాడు.

"కంప్యూటర్ తీసుకోదు సార్" అన్నాడు ఏడుకొండలు గారు.

"కాగితం తీసుకుంటుందేమో చూడండి."

ప్రసూన పరుగెత్తుకుంటూ వచ్చి చేరినట్టు సంతకం చేసేసరికి నాలుగూ యాభై రెండు.

ఆ తర్వాతవి మీకు చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను. పరిశీలకుల సూచనను అనుసరించి కమిటీ కొత్త సర్క్యులరు ఇచ్చింది. పేర్లకు మినహాయింపు ఇవ్వడమైనది, అయితే అట్టి పేర్లు గలవారు ఆవరణలో తమ పేరును లోగొంతుకతో పలకవలెను. మందిరంలో బిగ్గరగా అన్నందుకు నాకు ఇంకో గంట క్లాసు వేశారు. వెళ్ళాను. లిఫ్టు ఆయన పక్కనే కూర్చుని, ఆ మాట ఏదో చెవిలో చెప్పాను. "ఓసి, ఇదా" అన్నాడు. మేడం వయ్యారిభామల కేసు షీట్లన్నింటి మీదా 'డిశ్చార్జి' అని రాసి కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. ఇక కమిటీవారు తమ తర్వాతి పదం ఎంచుకున్నారు. రోగులను కలతపెడుతున్నందున ఇక మీదట భయము అనకుండా పూర్వజాగ్రత్త అనవలెనట. ఆ లెక్కన నాకిప్పుడు భయమన్నదే లేదు. యాభై మూడేళ్ళ పూర్వజాగ్రత్త ఉంది.

ఆదివారమంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఏం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. పళ్ళెం, పళ్ళెం అంచు, అన్నీ మళ్ళీ వచ్చాయి. నా చేతులతో నేనే పంపాను. మా ఆయన బస్సెక్కి వచ్చి, "రెండింటికి ఫోన్ రాకపోతే నాకే ఏదో అయిందనుకున్నానే" అన్నాడు. దానికీ పలకలేదు.

సోమవారం పొద్దున ప్రసూన కొత్త కోటు ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. మొదటి రోజు డ్యూటీ. టైము చూసుకుంది. తర్వాత దువ్వెన, కొబ్బరినూనె సీసా తెచ్చి నా వెనక కూర్చుంది. ఏమైందమ్మా అనలేదు. భయపడకు అనలేదు. నా ముడి విప్పి, అరచేతిలో నూనె పోసుకుని, మాడు మీద అద్ది, చిక్కులు తీయడం మొదలుపెట్టింది. దాని వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. మూడు పాయలు తీసి, జడ అల్లి, చివర రబ్బరు వేసింది. అయినా లేవలేదు, అలాగే కూర్చుంది.

"నూనె ఎక్కువైంది" అన్నాను.